‘వరకు’ అను మాట – ఇంటింటి అంతర్జాలము

తెలుగు భాషలో ‘వరకు’ అనునది మిక్కిలి వినయము గల మాట. ప్రాయికముగా అది ఒంటరిగా నిలువదు; ‘నుండి’ అను తోడును కోరును. ‘ఉదయము నుండి సాయంకాలము వరకు’ అన్నప్పుడు ఒక కాలము, ‘బెజవాడ నుండి బందరు వరకు’ అన్నప్పుడు ఒక దారి మనస్సునకు గోచరించును. మొదలు చెప్పక తుది మాత్రమే చెప్పినచో వినువానికి సగమే తెలిసినట్లు. అట్టి సగపుమాటయే నేడు లక్షల గృహములు నెలనెల చెల్లించు ఒక రుసుమునకు ఆధారమై యున్నది. ‘సెకనుకు 100 మెగాబిట్ల వరకు వేగము’ అని అంతర్జాల సంస్థల ప్రకటనలు పలుకుచున్నవి. వరకు సరియే, ఎచ్చట నుండి? ఆ ప్రశ్నకు ప్రకటనలో సమాధానము లేదు.

రాత్రి తొమ్మిది గంటల వేళ ఏ మధ్యతరగతి గృహమునందైనను ఈ ప్రశ్న తెరమీదికి వచ్చును. ఒక గదిలో పిల్లవాడు క్రికెట్టు పందెమును చూచుచుండును. మరియొక గదిలో కోడలు సముద్రమునకావలనున్న కంపెనీవారితో సమావేశమందుండును. నడవలో నాయనమ్మ, అప్పుడే తెల్లవారిన అమెరికాలోని మనుమరాలి ముఖమును చూచి మాటాడవలెనని ఫోను పట్టుకొని కూర్చుండును. సరిగా ఆ సమయముననే బొమ్మ బిగుసుకొనిపోవును, మాట ముక్కలగును, తెర నడుమ ఒక చిన్న చక్రము గిరగిర తిరుగనారంభించును. అదే కనెక్షన్ తెల్లవారుజామున నాలుగు గంటలకు పరుగులు తీయును. తీగ అదే, పెట్టె అదే, చెల్లించిన రుసుము అదే. మరి నడుమ మారినదేమి?

ఈ సందేహము తీరవలెనన్నచో రెండు విషయములను వేరుచేసి చూడవలెను. ఒకటి, సంస్థ తానై విధించిన హద్దు. రెండవది, దారిలో ఏర్పడిన రద్దీ. సామాన్య గృహస్థుడు రెండింటిని కలిపి ‘నెట్టు స్లో’ అనును. కాని మొదటిది ఒప్పందము, రెండవది సంఘటన. ఒకదానికి మందు మరియొకదానికి పనిచేయదు.

హద్దు పెట్టిన చేయి

మన దేశమున ప్రజలకు అంతర్జాలము తొలిసారిగా లభించినది 1995 ఆగస్టు 15వ తేదీన, విదేశ్ సంచార్ నిగమ్ ద్వారా. ఆనాటి టెలిఫోను తీగలపై సెకనుకు 9,600 బిట్లు పోవుటయే గొప్ప. 2004లో కేంద్రప్రభుత్వము బ్రాడ్‌బ్యాండ్ విధానమును ప్రకటించి, సెకనుకు 256 కిలోబిట్ల వేగమున్నచో దానిని బ్రాడ్‌బ్యాండ్ అనవచ్చునని నిర్వచించెను. 2013లో ఆ సంఖ్య 512 అయ్యెను. 2023 జనవరిలో 2 మెగాబిట్లకు పెరిగెను. ఒక్క పదమునకు ఇరువది యేండ్లలో మూడు అర్థములు! నిఘంటుకర్తలకు గూడ ఇంత తొందర ఉండదు.

ఇచ్చట ఒక లెక్కను గుర్తుంచుకొనుట మేలు. వేగమును బిట్లలో చెప్పుదురు. దస్త్రముల పరిమాణమును బైట్లలో చెప్పుదురు. ఒక బైటునకు ఎనిమిది బిట్లు. కావున 100 మెగాబిట్ల వేగమనగా సెకనుకు 12.5 మెగాబైట్లు మాత్రమే. ‘నూరు కొన్నచో పన్నెండు వచ్చుచున్నది’ అని కొందరు చేయు ఫిర్యాదునకు మూలము ఈ ఎనిమిదింటి లెక్కయే గాని మోసము కాదు.

భారత సంచార నిగమ్ 2005 జనవరిలో, సరిగా సంక్రాంతి దినములలో, గృహములకు బ్రాడ్‌బ్యాండ్ నిచ్చుట ప్రారంభించినప్పుడు అది రాగి టెలిఫోను తీగ మీదనే నడచెను. రాగితీగకు ఒక స్వభావము కలదు: ఎక్స్ఛేంజి నుండి ఇల్లు ఎంత దూరమైన సంకేతము అంత క్షీణించును. ఆ వేగమునకు హద్దు ప్రకృతి పెట్టినది. నేటి ఫైబరు తీగ సంగతి వేరు. గాజుపోగులో కాంతి సెకనుకు సుమారు రెండు లక్షల కిలోమీటర్లు పయనించును. 30 మెగాబిట్ల ప్లాను తీసుకొన్న యింటికిని, 300 మెగాబిట్ల ప్లాను తీసుకొన్న యింటికిని వచ్చు పోగు ఒక్కటే. భేదమెచ్చట నున్నదనగా, సంస్థ కేంద్రములోని యంత్రమున ఆ యింటి పేరిట వ్రాసియున్న ఒక సంఖ్యలో నున్నది. ఆ సంఖ్యను మార్చుటకు తీగ మార్చనక్కరలేదు, నిచ్చెన వేయనక్కరలేదు.

ఆ సంఖ్య పనిచేయు విధమును వివరించుటకు శాస్త్రజ్ఞులు ‘కారుచున్న బకెట్టు’ అను ఉపమానమును వాడుదురు. తెలుగువారు చిల్లికుండ అందురు. పైనుండి ఎంత కుంభవృష్టిగా పోసినను చిల్లి నుండి ఒక నియమిత ధార మాత్రమే వెలువడును. కుండ నిండి పొంగినది నేలపాలగును. ఇంటి వైపునకు వచ్చు సమాచారమునకు ఇట్టి కుండ యొకటి అడ్డుగా నుండును. ప్లాను పెంచుట యనగా చిల్లిని పెద్దది చేయుట.

దీని తరువాతిది ‘న్యాయవినియోగ విధానము’ అను మృదునామము గలది. ‘అపరిమిత’ మని అమ్మబడిన ప్లానులో ఒక కోటా దాటిన వెనుక వేగము పడిపోవును. పరిమితి గల అపరిమితమును తెలుగు వ్యాకరణము నెరిగిన వాడెవడును అంగీకరింపడు. అయినను వ్యాపారభాషలో అది చెల్లుబాటైనది. ఒకప్పుడు కోటా ముగిసిన యిండ్లలో అంతర్జాలము నత్తనడకకు దిగెడిది. 2016 అక్టోబరులో టెలికాం నియంత్రణ సంస్థ కలుగజేసికొని, స్థిర బ్రాడ్‌బ్యాండునందు కోటా తరువాత గూడ వేగము 512 కిలోబిట్లకు తగ్గరాదనియు, కోటా వివరములను చందాదారునకు స్పష్టముగా తెలుపవలెననియు ఆదేశించెను.

హద్దులలో విచిత్రమైనది మరియొకటి కలదు. తొలినాటి భారత సంచార నిగమ్ ప్లానులలో కొన్నింటియందు రాత్రి రెండు గంటల నుండి ఉదయము ఎనిమిది గంటల వరకు ఎంత వాడినను లెక్క లేదు. అలారము పెట్టుకొని రెండు గంటలకు లేచి, పాఠ్యగ్రంథములో, సినిమాలో దించుకొనుటకు పెట్టి మరల నిద్రించిన విద్యార్థులు ఆ తరమున ఎందరో కలరు. పరీక్షలకు గూడ అంత పొద్దున లేవనివారు అంతర్జాలమునకు లేచినారు. నవ్వు వచ్చు విషయమే యైనను ఇందులో ఒక పెద్ద సత్యమున్నది. ఖాళీగా నున్న దారిని ఊరక ఇచ్చినను సంస్థకు నష్టము లేదు. ఖర్చంతయు రద్దీ వేళకు దారి వెడల్పు చేయుటలోనే యున్నది.

పంక్తికి చాలని విస్తళ్లు

పెండ్లివారు అయిదు వందల మందిని పిలిచినను ఒకేసారి అయిదు వందల విస్తళ్లు వేయరు. నూరు విస్తళ్ల పంక్తులు అయిదు వేయుదురు. అందరును ఒక్క పంక్తిలోనే వచ్చి కూర్చుండరను నమ్మకము మీద వంటశాల, వడ్డన, చాపలు అన్నియు ఏర్పాటగును. టెలిఫోను నాటి నుండి తంతి వ్యవస్థ లన్నియు ఈ నమ్మకము మీదనే నడచుచున్నవి. దానికి గణితశాస్త్రమును సమకూర్చినవాడు కోపెన్‌హాగెన్ టెలిఫోను కంపెనీలో పనిచేసిన డేనిష్ శాస్త్రజ్ఞుడు ఎర్లాంగ్. 1909లోను, 1917లోను ప్రకటించిన వ్యాసములలో ఆయన, ఒక ఊరి టెలిఫోనులకు ఎన్ని తీగలున్నచో ఎందరికి ‘ఖాళీ లేదు’ అను జవాబు వచ్చునో లెక్కగట్టి చూపెను. నేటికిని రద్దీని కొలుచు కొలమానమునకు ఆయన పేరే కలదు.

నేటి గృహములకు ఈ లెక్కను అన్వయించి చూడవచ్చును. ఉదాహరణమునకు, ఒక పట్టణములోని స్థానిక ఆపరేటరు 500 గృహములకు ఒక్కొక్కటికి 100 మెగాబిట్ల వంతున కనెక్షన్లు ఇచ్చెననుకొనుడు. అమ్మినది మొత్తము 50,000 మెగాబిట్లు. పై సంస్థ నుండి అతడు తెచ్చుకొన్నది మాత్రము 1,000 మెగాబిట్ల దారి. యాబదికి ఒకటి! విన్నంతనే ఇది అన్యాయమని తోచును. కాని 2009లో నియంత్రణ సంస్థ గృహ కనెక్షన్లకు సూచించిన హద్దు కూడ ఈ యాబదికి ఒకటియే. వ్యాపార కనెక్షన్లకు ముప్పదికి ఒకటి.

ఇది ఎట్లు సరిపోవును? మంచి స్పష్టత గల సినిమా చూచుటకు సెకనుకు 5 మెగాబిట్లు చాలును. పై ఊరిలో ఒకేసారి 160 గృహములు సినిమా చూచినను కావలసినది 800 మెగాబిట్లే. అందరును సుఖముగా నుందురు. 200 గృహములు చూచిన నాడు దారి అంచుల వరకు నిండును. ఇక క్రికెట్టు అంతిమ పందెము నాటి రాత్రి 300 గృహములు ఒక్కసారిగా తెర తెరచినచో ఒక్కొక్క యింటికి దక్కునది 3.3 మెగాబిట్లు. నూరు కొన్న యింటికిని అంతే. బొమ్మ మసకబారును, చక్రము తిరుగును. నాయనమ్మ మాట ఆగునది ఇచ్చటనే. నూరు మెగాబిట్ల ప్లానును రెండు వందలకు పెంచుకొన్నను ఆ రాత్రి ఆమెకు ఒరుగునది లేదు. చిల్లి పెద్దదైనంత మాత్రమున చెరువులో నీరు పెరుగదు.

కావున తప్పు యాబదికి ఒకటి అను నిష్పత్తిలో లేదు. రద్దీ వేళ దారి ఎంత నిండుచున్నదో చూచి, నిండక మునుపే వెడల్పు చేయుచున్నారా లేదా యన్నదియే ప్రశ్న. 2006లో వచ్చిన సేవాప్రమాణముల నిబంధనలు, రద్దీ వేళలో సంస్థ దారి నూటికి 80 పాళ్లకు మించి నిండరాదని శాసించినవి. మన ఉదాహరణములో 160 గృహముల వద్ద గంట మ్రోగవలెనన్నమాట. ఆ నిబంధనల స్థానమున 2024లో క్రొత్త నిబంధనలు వచ్చినవి. నిబంధన ఏదైనను దానిలోని ఇంగితము మాత్రము మారదు: చెరువు కట్ట మీద అడుగు జానెడు ఖాళీ ఉంచుకొనువాడే తెలివి గల ఆసామి.

నీరటికాడు లేని కాలువ

రామప్ప, పాకాల చెరువుల నాటి నుండి తెలుగు రైతునకు తెలిసిన సత్యమొకటి కలదు. తూము దగ్గరి మడికి నీరు ముందు అందును. ఆయకట్టు చివరి మడి ఎండును. అందుచేతనే ఊరూర నీరటికాడుండెడివాడు. ఎవరి వంతు ఎప్పుడో, ఎవరి కాలువకు ఎన్ని జానలో అతడే నిర్ణయించెడివాడు. అంతర్జాలమున నీరటికాడు లేడు. ప్రపంచమంతట కోట్ల యంత్రములు ఒకదాని కొకటి తెలియకయే ఒకే దారిని పంచుకొనుచున్నవి. అయినను అది నడచుచున్నది. ఎట్లు నడచుచున్నదో తెలిపెడి కథ ఒకటి కలదు.

అంతర్జాలమున ఏ సమాచారమైనను చిన్న చిన్న పొట్లములుగా పయనించును. ఒక్కొక్క పొట్లము సుమారు 1,500 బైట్లు. సినిమా చూచు యింటికి సెకనుకు 400 పొట్లములకు పైగా వచ్చుచుండును. దారిలోని యంత్రము నిండిపోయినచో వెనుక వచ్చిన పొట్లమును పారవేయును. పంపినవాడు అది చేరలేదని గ్రహించి మరల పంపును. 1986 అక్టోబరులో అమెరికాలోని లారెన్స్ బర్క్‌లీ ప్రయోగశాలకును, కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమునకును నడుమ ఒక వింత జరిగెను. ఆ రెండింటి మధ్య దూరము 400 గజములు మాత్రమే. సెకనుకు 32,000 బిట్లు పోవలసిన దారిలో 40 బిట్లు మాత్రము పోసాగెను. ఎనిమిది వందలలో ఒక వంతు! తీగ తెగలేదు, యంత్రము చెడలేదు. పొట్లములు పోవుచున్నకొలది ప్రతివాడును మరల మరల పంపుటచే దారి యంతయు పునరుక్తులతో నిండిపోయెను. తిరునాళ్ల ఇరుకు సందులో ప్రతివాడును త్రోయుటచే ఎవడును కదలలేని స్థితి యది.

వాన్ జాకబ్సన్ అను శాస్త్రజ్ఞుడు మైకేల్ కారెల్స్ సహాయముతో దీనిని పరిశీలించి 1988లో విరుగుడును ప్రకటించెను. దాని సారాంశము సంసార ధర్మమువలె సరళము. దారి సాగుచున్నంత కాలము కొంచెము కొంచెముగా వేగమును పెంచుకొనుము. ఒక్క పొట్లము పోయినదని తెలిసిన క్షణమున వేగమును సగమునకు తగ్గించుకొనుము. తగ్గింపుమని ఆజ్ఞాపించువాడు లేడు. తగ్గింపనివానికి దండన లేదు. ఎవరి యంత్రము వారిది, ఎవరి సంయమము వారిది. 1989లో దా మింగ్ చియు అను శాస్త్రజ్ఞుడును, భారతదేశమున జన్మించిన రాజ్ జైన్ అను శాస్త్రజ్ఞుడును, ఈ విధానము క్రమముగా ఎట్లు సమాన వాటాలకు చేర్చునో గణితముచే నిరూపించిరి. పెంచుకొనునప్పుడు అందరును సమముగా పెంచుకొందురు. తగ్గునప్పుడు ఎక్కువ గలవాడు ఎక్కువ కోల్పోవును. కావున ఎచ్చట మొదలైనను కాలక్రమమున వాటాలు సమమునకు చేరువగును. నేడు కోట్ల గృహములలో సినిమాలు, పాఠములు, మంతనములు నడచుచున్నవన్నచో ఈ స్వచ్ఛంద సంయమమే దానికి పునాది.

అయితే ఈ ధర్మములో ఒక సందు కలదు. ఈ సమానత్వము ఇంటికింత అని కాదు. సంభాషణ కింత అని. పది ద్వారములు తెరచి ఒకేసారి దించుకొను సాఫ్ట్‌వేరుకు పది వాటాలు దక్కును. ఒక్క ద్వారముతో మాటాడు వృద్ధురాలికి ఒక వాటాయే. తూము దగ్గరి మడియే మరల పుట్టినది. అందుచేత ఇంటింటికి హద్దు పెట్టిన సంస్థను కేవలము లోభి యనుటకు వీలులేదు. ఆ చిల్లికుండ పొరుగువాని రక్షణకు గూడ ఉపయోగపడును. పొరుగువాని రక్షణకు ఎంత, లాభమునకు ఎంత అన్నదే తేలవలసిన లెక్క.

రద్దీలో మరియొక రకము 2010 ప్రాంతమున బయటపడెను. జిమ్ గెటిస్ అను ఇంజనీరు తన యింటి నుండి పెద్ద దస్త్రములను పంపుచుండగా మిగిలిన పనులన్నియు నిలిచిపోవుటను గమనించి కారణమును వెదకెను. జ్ఞాపకశక్తి గల చిప్పలు చౌకయగుటచే, పొట్లములు పోకుండుటకై యంత్రనిర్మాతలు పెద్ద పెద్ద నిలువ గదులను అమర్చినారు. పొట్లము పోనంత కాలము పంపువానికి రద్దీ తెలియదు; తెలియనంత కాలము తగ్గింపడు. వరుస పెరిగి పెరిగి, ఒక మాట చేరుటకు సెకనునకు పైగా పట్టసాగెను. నష్టమును దాచుట మేలు అనుకొనిన చోట అదే కీడైనది. జాకబ్సన్ మరల ముందునకు వచ్చి, కేథలీన్ నికల్స్ తో కలిసి 2012లో మార్గమును చూపెను: పొట్లము వరుసలో ఎంతసేపు నిలిచినదో చూచి, ఎక్కువసేపైనచో ముందుగానే కొన్నింటిని విడిచిపెట్టుట. ఇట్టి ఏర్పాటు గల రౌటర్లు నేడు విపణిలో లభించుచున్నవి. వేగము తక్కువైనను మాట తడబడకుండ పోవుటకు ఇవి తోడ్పడును.

2020వ సంవత్సరపు పరీక్ష

ఈ శాస్త్రమంతయు పరీక్షకు నిలిచిన కాలము 2020 మార్చి. లాక్‌డౌనుతో కార్యాలయములు, కళాశాలలు, సినిమాశాలలు అన్నియు ఒక్క రాత్రిలో ఇండ్లలోనికి వచ్చినవి. ఐరోపాలో మార్చి 19న నెట్‌ఫ్లిక్స్ సంస్థ తన ప్రసారముల భారమును ముప్పది దినముల పాటు నూటికి 25 పాళ్లు తగ్గింతునని అంగీకరించెను. మన దేశమున మార్చి 24న ప్రముఖ ప్రసార సంస్థలు సమావేశమై, మొబైలు దారులపై బొమ్మల స్పష్టతను ఏప్రిల్ 14 వరకు 480 గీతలకు మించనీయరాదని నిశ్చయించినవి. యంత్రములు చేయు సంయమమును మనుష్యులు కూడ కొంత చేసినారు.

అయినను ఆ సంవత్సరము చెప్పిన చేదునిజము వేరు. హైదరాబాదులో ఫైబరు గల యిండ్ల నుండి ఉద్యోగములు సాగిపోయినవి. సంకేతము కొరకు డాబా లెక్కిన, ఊరి బయటి గట్టునకు చేరిన పల్లె విద్యార్థుల వార్తలు పత్రికలలో వచ్చినవి. దారి ఇరుకైనప్పుడు పట్టణమున సినిమా మసకబారినది. పల్లెలో పాఠమే పోయినది. ఆయకట్టు చివరి మడి అనునది ఉపమానము మాత్రమే కాదని ఆనాడు తెలిసెను.

ఆంధ్రప్రదేశ్‌లో విద్యుత్ స్తంభముల మీదుగా ఫైబరు తీగలను లాగి పల్లెలకు అంతర్జాలము నందించు పథకము 2017 డిసెంబరు 27న నాటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ చేతులమీదుగా ప్రారంభమయ్యెను. నెలకు 149 రూపాయలకు 15 మెగాబిట్ల వేగము, టీవీ, టెలిఫోను కలిపి ఇత్తుమన్నది ఆనాటి మాట. కరెంటు స్తంభమున్న ప్రతి యూరికి తీగ పోగలదను ఊహ చక్కనిది. కాని ఇంటి తీగతో కథ ముగియదు. ఇంటి నుండి పట్టణమునకు, పట్టణము నుండి చెన్నపట్టణపు, ముంబాయి సముద్రతీరములకు, అచ్చటి నుండి కడలి గర్భమున పరచిన కేబుళ్లకు దారి సాగవలెను. 2008 జనవరి చివర అలెగ్జాండ్రియా సమీపమున సముద్రపు కేబుళ్లు తెగినప్పుడు మన దేశమున అంతర్జాల రాకపోకలు పెద్దగా దెబ్బతినుటయే దీనికి నిదర్శనము. దేశములోని సంస్థలు పరస్పరము పంపుకొను సమాచారము విదేశములు తిరిగి రాకుండుటకై 2003లో జాతీయ అంతర్జాల వినిమయ సంస్థ ఏర్పడినది. హైదరాబాదులోను దాని కేంద్రము కలదు. పేరుగల ప్రసార సంస్థలు తమ చిత్రముల ప్రతులను స్థానిక కేంద్రములలోనే నిలువచేసి దూరపు దారులపై బరువు తగ్గించుచున్నవి. అందుచేతనే ఒక్కొక్కప్పుడు సినిమా చక్కగా సాగుచు, అమెరికా మాట మాత్రము ఆగును. రెండింటి దారులు వేరు.

తెలిసికొను మార్గము

ఇంటి అంతర్జాలము మందగించినప్పుడు కారణము హద్దా, రద్దీయా యని గృహస్థుడు తానే కొంత తెలిసికొనవచ్చును. రౌటరునకు కంప్యూటరును తీగతో కలిపి, తెల్లవారుజామున ఒకసారి, రాత్రి తొమ్మిదింటికి ఒకసారి, నాలుగైదు దినములు వేగమును కొలిచి వ్రాసి ఉంచవలెను. రెండు వేళలను ఒకే సంఖ్య వచ్చి, అది ప్లానుతో సరిపోయినచో అది హద్దు. కావలసినచో పెద్ద ప్లానుకు మారవచ్చును. వేకువ పరుగెత్తి రాత్రి కుంటినచో అది రద్దీ. ప్లాను మార్చుట డబ్బు దండుగ, ఫిర్యాదు చేయుటయే మార్గము. తీగతో బాగుండి వైఫైలో మాత్రము మందగించినచో దోషము ఇంటిలోనిదే. 2.4 గిగాహెర్ట్జ్ తరంగములపై పొరుగిండ్ల వైఫైలు, వంటింటి మైక్రోవేవ్ పొయ్యి కూడ పోటీకి వచ్చును. రౌటరును బీరువా వెనుక దాచి, గోడల కావల వేగము రాలేదనుట దీపమును కుండలో పెట్టి గదికి వెలుగు లేదనుట వంటిది. నాయనమ్మ ముఖము అమెరికాకు చేరవలెనన్నచో క్రిందికి వచ్చు వేగమే గాక పైకి పోవు వేగము కూడ కావలెను. ప్రకటనలలో పెద్ద అక్షరములతో నుండునది మొదటిది మాత్రమే. వేగమును కొలుచుటకు నియంత్రణ సంస్థ 2016లో ‘మైస్పీడ్’ అను సాధనమును విడుదల చేసినది. తేదీ, వేళ, సంఖ్య గల కాగితముతో చేయు ఫిర్యాదునకు గల బలము నోటిమాటకు లేదు.

ఇక అసలు మాటకు రావలెను. ‘వరకు’ అను పదముపై తగవు మన దేశమునకే ప్రత్యేకము కాదు. బ్రిటనులో 2012 నుండి కొన్నాళ్లు, చందాదారులలో నూటికి పదిమందికి లభించు వేగమును ‘వరకు’ అని ప్రకటించుటకు అనుమతి యుండెను. తొంబది మందికి రానిదానిని నూరుగురకు చూపి అమ్ముట తగదని వాదము బయలుదేరెను. 2018 మే నుండి నియమము మారినది: రాత్రి ఎనిమిది నుండి పది గంటల వరకు గల రద్దీ వేళలో కనీసము సగము మంది చందాదారులకు నిజముగా దక్కు వేగమునే ప్రకటింపవలెను. 2019 మార్చి నుండి అచ్చటి నియంత్రణ సంస్థ నియమావళికి ఒప్పుకొన్న కంపెనీలు, కొనుటకు ముందే రద్దీ వేళ వేగమును, హామీ యిచ్చు కనీస వేగమును చెప్పవలెను; హామీ తప్పి ముప్పది దినములలో సరిదిద్దలేకున్నచో చందాదారుడు జరిమానా లేక విడిపోవచ్చును. అమెరికాలో 2024 ఏప్రిల్ నుండి పెద్ద సంస్థలు ఆహారపు డబ్బాలపై వలె ప్రతి ప్లానుకు ఒక చీటీ అతికించి, సాధారణముగా వచ్చు వేగమును, ఆలస్యమును వ్రాయవలసి వచ్చినది.

మన దేశము ఈ విషయమున వెనుకబడినదనుట పూర్తిగా న్యాయము కాదు. 2016 ఫిబ్రవరిలో, ఏ వెబ్‌సైటు చూచినారన్న దానినిబట్టి వేరువేరు ధరలు పెట్టరాదని నియంత్రణ సంస్థ శాసించెను. 2018లో, పంపినవారిని బట్టి ఒక పొట్లమును పరుగెత్తించి మరియొకదానిని కుంటించుట కూడదను సూత్రము లైసెన్సులలో చేరెను. దారిలో అందరును సమానులే యన్న ధర్మము స్థిరపడినది. ఇక తేలవలసినది దారి వెడల్పు సంగతి. రద్దీ ఉండుట నేరము కాదు. తీర్థమునకు జనము వచ్చుట దేవుని తప్పు కాదు. రద్దీ ఎంత యుండునో తెలిసియుండియు కొనువానికి చెప్పకపోవుటయే దోషము.

చందాదారుడు కోరునది ఆకాశమును కాదు. ఆకాశము ఎంత ఎత్తున నున్నదో ప్రకటన చెప్పుచునే యున్నది. తన కాళ్ల క్రింద నేల ఎచ్చట నున్నదో తెలిసినచో అతనికి చాలును. రాత్రి తొమ్మిది గంటలకు, క్రికెట్టు పందెము నాడు గూడ, ఇంతకు తగ్గదని ఒక్క సంఖ్యను వ్రాసి యిచ్చిన సంస్థ నమ్మదగినది. అప్పుడు ఆ ప్రకటన ‘20 మెగాబిట్ల నుండి 100 మెగాబిట్ల వరకు’ అని చదువబడును. అది మంచి వ్యాపారము. మంచి తెలుగు కూడ.